తల్లిని చూసి పిల్లను: హైదరాబాద్‌లో లాబ్రడార్ బ్రీడర్‌ను ఎంచుకున్న క్రమం

"తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను" అన్న సామెతను పెళ్లి సంబంధాల్లో ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం. కుక్కపిల్ల విషయంలో మాత్రం అక్షరాలా పాటించండి. వెతకడం మొదలుపెట్టిన రోజు నుంచి లాబ్రడార్ పిల్ల ఇంటికి చేరేదాకా నాకు ఏడు నెలలు పట్టింది. అందులో రెండు నెలలు బ్రీడర్ల వడపోతకు, ఒక నెల తల్లి హీట్‌కు (ఎదకు) రావడానికి, 63 రోజులు చూలుకు, మరో ఎనిమిది వారాలు పిల్ల తల్లి దగ్గర పెరగడానికి సరిపోయాయి. వారంలో పిల్ల చేతికొచ్చిందంటే ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ఎగ్గొట్టినట్టే.

మొదటి వడపోత ఫోన్లోనే అయిపోతుంది. ధర అడక్కుండా నేను అడిగినవి ఐదు: తల్లి వయసెంత, ఇది ఎన్నో ఈత (కాన్పు), కిందటి ఈత ఎప్పుడు, పిల్లను ఎన్ని వారాలకు ఇస్తారు, రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో మీ రిజిస్ట్రేషన్ నంబరేమిటి. ఈ ప్రశ్నలు నా సొంత చాదస్తం కాదు. కుక్కల బ్రీడింగ్, అమ్మకాల మీద కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల్లో ఇవన్నీ ఉన్నాయి. ఆడకుక్కకు 18 నెలలు నిండకుండా మేటింగ్ చేయించకూడదు. ఏడాదికి ఒక్క ఈతే, జీవితం మొత్తంలో ఐదే. ఎనిమిదేళ్లు దాటాక అసలే వద్దు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మేముందు మైక్రోచిప్ వేయాలి. రోడ్డు పక్కన పంజరంలో పెట్టి అమ్మడం నిషేధం.

పదిమందికి ఫోన్ చేస్తే ఎక్కువమంది దగ్గర ఒకటే మాట వినపడుతుంది: "35 రోజుల పప్స్ రెడీ సార్, ఇవాళ వస్తే సెలక్షన్ మీదే." ఆ 35 వెనక లెక్కుంది. నాలుగో వారం నుంచి పిల్లలు తల్లిపాలతో పాటు తిండి తినడం మొదలుపెడతాయి, ఎనిమిది పిల్లలంటే తిండి ఖర్చు రోజురోజుకీ పెరుగుతుంది. ఆరో వారంలో టీకాలు వేయించాలి. ఆ రెండు ఖర్చులూ కొన్నవాడి మీద పడేలా 35వ రోజున తోసేస్తారు. పైగా ఆ వయసులో పిల్ల దూదిబంతిలా ఉంటుంది, చూసినవాళ్లు వదల్లేరు. పిల్ల పోగొట్టుకునేది వేరే ఉంది. ఐదు నుంచి ఎనిమిది వారాల మధ్య తోబుట్టువులతో కొట్లాడుతూ, గట్టిగా కొరికితే అవతలిది కీచుమని ఆట మానేస్తుందని నేర్చుకుంటుంది. ఆ పాఠం అందని పిల్ల నాలుగో నెలలో మీ పిల్లల చేతుల మీద ప్రాక్టీసు చేస్తుంది.

ఫోన్లో వినగానే పెట్టేయాల్సిన మాటలు ఇంకొన్ని ఉన్నాయి. లావు ఎముకల పిల్ల అని చెప్పే "డబుల్ బోన్" అనేది ఏ జాతి ప్రమాణంలోనూ లేదు, అది సంతలో బేరగాళ్ల మాట లాంటిది. "సిల్వర్ లాబ్, అరుదైన రంగు" అని ఎక్కువ ధర చెబితే దండం పెట్టండి. లాబ్రడార్‌కు గుర్తింపు ఉన్న రంగులు మూడే: నలుపు, పసుపు, చాక్లెట్. రంగును పలచబరిచే జన్యువు వల్ల వచ్చే ఆ వెండి ఛాయతో పాటు కొన్ని కుక్కల్లో జుట్టు ఊడే చర్మ సమస్య కూడా వస్తుంది. "లాబ్ ఉంది, హస్కీ ఉంది, షిట్జూ ఉంది, ఏది కావాలి?" అన్నవాడు బ్రీడర్ కాదు, బ్రోకరు. పిల్లలు ఎక్కడ పుట్టాయో అతనికే తెలియదు. హైదరాబాద్ మే నెల ఎండలో ఉండాల్సిన ఇంటికి మంచు ప్రాంతాల కుక్కయిన హస్కీని ఏ ప్రశ్నా అడక్కుండా అమ్మేవాడిని లాబ్ కోసం మాత్రం ఎలా నమ్ముతాం?

ఫోటోలు పంపి అడ్వాన్స్ అడిగేవాళ్లకు నేను పెట్టిన పరీక్ష చిన్నది. వీడియో కాల్ చేసి, పిల్లను చూపించాక ఫోన్ పక్కకు పెట్టకుండా తల్లి దగ్గరకు నడిచి వెళ్లమనడం. దారిలో గది, నేల, మిగతా కుక్కలు అన్నీ కనపడతాయి. "తల్లి వేరే ఫామ్‌లో ఉంది", "తల్లి కరుస్తుంది, దగ్గరికి పోలేం" అన్న జవాబు వస్తే మాట అక్కడితో ముగించాను. రెండో జవాబు నిజమే అయినా కొనకూడదు, ఎందుకంటే పిరికితనం, కరిచే గుణం కొంత రక్తంలో వస్తాయి, కొంత తల్లిని చూసి నేర్చుకుంటాయి.

మంచి బ్రీడర్ ఫోన్ ఇంకోలా నడుస్తుంది. ప్రశ్నలు అటువైపు నుంచి వస్తాయి. అద్దె ఇల్లా సొంతమా, అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నారా, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇంతకుముందు కుక్క ఉండేదా, అది ఎలా పోయింది. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం అడిగినట్టు అడుగుతారు. విసుక్కోకండి. చివర్లో "ఇప్పుడు పిల్లలు లేవండీ, తల్లి వచ్చే నెల హీట్‌కు రావాలి, కావాలంటే ముందు వచ్చి కుక్కల్ని చూసి వెళ్లండి" అన్న మాట వినపడితే మీ వెతుకులాట దారిలో పడినట్టు.

ఇక పేపర్లు. మన దగ్గర పేపర్లంటే కేసీఐ, అంటే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్. చాలామంది దాన్ని ఆరోగ్య ధ్రువపత్రం అనుకుంటారు. అది వంశవృక్షం మాత్రమే. తల్లి, తండ్రి, తాతలు, ముత్తాతల పేర్లు చెబుతుంది. తుంటి ఎముక ఎలా ఉందో, కళ్లు ఎన్నాళ్లు కనపడతాయో చెప్పదు. అయినా దాన్ని చదవడం నేర్చుకుంటే చాలా విషయాలు బయటపడతాయి.

మొదట తండ్రివైపు పేర్లు, తల్లివైపు పేర్లు పక్కపక్కన రాసుకోండి. ఒకే పేరు రెండు వైపులా కనపడితే ఎంత దగ్గర్లో ఉందో చూడాలి. తండ్రికి కూతురిని, లేదా సొంత అన్నకు చెల్లిని కట్టబెడితే పుట్టే పిల్ల ఇన్‌బ్రీడింగ్ (దగ్గరి రక్తసంబంధంలో జత కట్టించడం) లెక్క 25 శాతం. తండ్రి ఒకడే అయి తల్లులు వేరైన జంటకు 12.5 శాతం. తాతకు మనవరాలిని కట్టినా అంతే. అన్నదమ్ముల పిల్లల మధ్య అయితే 6.25 శాతం. "లైన్ బ్రీడింగ్ సార్, ఛాంపియన్ రక్తం నిలబెట్టాలి కదా" అని సమర్థిస్తారు. ఛాంపియన్ గుణాలు రెండు వైపుల నుంచి కలిసినట్టే దాగి ఉన్న జబ్బులూ రెండు వైపుల నుంచి కలుస్తాయి. డాగ్ షోలకు వెళ్లే ఉద్దేశం లేని ఇంటికి ఆ 12.5 శాతం ఎందుకు?

రెండోది రంగు. ఇది నాకు బాగా నచ్చిన పరీక్ష, ఖర్చు లేనిది. తల్లి, తండ్రి ఇద్దరూ పసుపు లాబ్‌లైతే పిల్లలన్నీ పసుపే అవుతాయి. ఇద్దరూ చాక్లెట్ అయితే పిల్లలు చాక్లెట్ లేదా పసుపు, నల్లపిల్ల రాదు. కాబట్టి పేపర్లో రెండు పసుపు కుక్కల పేర్లుండి బుట్టలో నల్లపిల్ల ఆడుకుంటోందంటే పేపరైనా వేరే ఈతది, లేదా పక్కింటి మగకుక్క గోడ దూకింది. వేరే లిట్టర్ (ఒకే ఈతలో పుట్టిన పిల్లల గుంపు) పేపర్లు అంటగట్టడం ఈ వ్యాపారంలో పాత రోగం. అందుకే చిప్ చూడాలి. భుజాల మధ్య చర్మం కింద బియ్యపుగింజంత చిప్ ఉంటుంది, స్కానర్ పెడితే 15 అంకెలు వస్తాయి. ఆ 15 అంకెలూ సర్టిఫికెట్‌లో ఉన్న అంకెలతో ఒక్కొక్కటిగా పోల్చుకోవాలి. చిప్ స్టిక్కర్ అంటించిన కాగితం చూపిస్తే చాలదు, మీ కళ్లముందు స్కాన్ చేయించండి. సర్టిఫికెట్ చేతికి రావడానికి కొన్ని వారాలు పట్టడం మామూలే. అప్పటికి లిట్టర్ రిజిస్ట్రేషన్ దరఖాస్తు నకలు, చిప్ నంబరు అడిగి తీసుకున్నాను. "పేపర్లు తర్వాత పంపిస్తా" అన్న నోటిమాటకు విలువ లేదు. "పేపర్లతో ఒక రేటు, పేపర్లు లేకుండా ఒక రేటు" అన్నవాడి దగ్గర రెండు రేట్లకూ కొనకూడదు.

ఎక్కువమంది తప్పిపోయేది ఆరోగ్య పరీక్షల దగ్గరే. "వెట్‌కి చూపించాం, ఫుల్ హెల్దీ" అంటే ఆ రోజు జ్వరం లేదని అర్థం. లాబ్రడార్‌లో అడగాల్సినవి తల్లిదండ్రుల పరీక్షలు, అవీ జాతికి తగినవి. మొదటిది తుంటి, మోచేయి ఎక్స్‌రేలు. తుంటి కీలు గిన్నెలో తొడ ఎముక తల సరిగ్గా కూర్చోకపోవడమే హిప్ డిస్‌ప్లేసియా. కుక్కకు మత్తు ఇచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనకకాళ్లు రెండూ సమానంగా చాచి తీయాలి. కాలు కాస్త వంకరగా ఉన్నా ఫిల్మ్ అబద్ధం చెబుతుంది. అమెరికాలోని ఓఎఫ్‌ఏ సంస్థ తుది గ్రేడ్ ఇవ్వాలంటే కుక్కకు 24 నెలలు నిండాలి. ఎక్సలెంట్, గుడ్, ఫెయిర్ ఈ మూడే పాస్. పెన్‌హిప్ అనే ఇంకో పద్ధతిలో 16 వారాల నుంచే తీయొచ్చు, అందులో కీలు ఎంత వదులుగా ఉందో కొలుస్తారు. నిబంధన 18 నెలలకే మేటింగ్‌కు ఒప్పుకుంటున్నా, ఓఎఫ్‌ఏ గ్రేడ్ వచ్చాక రెండేళ్లు దాటించి మొదటి ఈత వేయించే బ్రీడరుకే నా ఓటు.

తుంటి బాగున్న తల్లిదండ్రులకు పుట్టినంత మాత్రాన పిల్ల తుంటికి పూచీ లేదు. అది ఒకే జన్యువుతో తేలే జబ్బు కాదు, ప్రమాదం తగ్గుతుందంతే. మిగతాది మన చేతిలో ఉంటుంది. మన ఇళ్లలో మార్బుల్, విట్రిఫైడ్ టైల్స్ మీద పెరిగే పిల్ల రోజంతా కాళ్లు జారుతూనే ఉంటుంది. రబ్బరు మ్యాట్లు పరచాలి, మొదటి నెలల్లో మెట్లు ఎక్కించి దించకూడదు, బొద్దుగా ఉండాలని తెగ మేపకూడదు. ఈ మూడూ అడక్కముందే చెప్పిన బ్రీడరును గుర్తుపెట్టుకోండి.

రెండోది డీఎన్‌ఏ పరీక్షలు. చెంప లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనా గాని, కొంచెం రక్తం గాని సరిపోతుంది. లాబ్‌లో ముఖ్యంగా మూడు. ఈఐసీ: బాగా పరిగెత్తిన కాసేపటికి వెనకకాళ్లు పట్టు తప్పి కుక్క కూలిపోతుంది. పీఆర్‌ఏ: రెటీనా క్రమంగా దెబ్బతిని, నడివయసులో చూపు పోతుంది. సీఎన్‌ఎం: చిన్నప్పటి నుంచే కండరాలు బలహీనం. ఈ మూడూ జన్యువు చెడ్డ కాపీలు రెండు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, కలిస్తేనే బయటపడతాయి. రిపోర్టులో క్లియర్ (చెడ్డ కాపీ లేదు), క్యారియర్ (ఒకటి ఉంది), అఫెక్టెడ్ (రెండూ చెడ్డవే) అని రాసి ఉంటుంది. క్యారియర్ అన్న మాట చూసి బెదిరిపోనక్కర్లేదు. క్యారియర్‌ను క్లియర్‌తో జత చేస్తే ఒక్క పిల్లకూ జబ్బు రాదు. రెండు క్యారియర్లను కలిపితే మాత్రం ప్రతి పిల్లకూ నాలుగో వంతు ప్రమాదం. నేను చివరకు ఎంచుకున్న బ్రీడర్ తన ఆడకుక్క పీఆర్‌ఏ క్యారియర్ అని ముందే చెప్పి, మగకుక్క క్లియర్ రిపోర్టు పక్కన పెట్టారు. లోపాన్ని దాచకుండా జతను దానికి తగ్గట్టు చూసుకోవడమే పనితనం. రిపోర్టులో కుక్క చిప్ నంబరు ఉందో లేదో చూడటం మరవొద్దు. పేరు ఒక్కటే ఉంటే "రాకీ" అని రాసిన రిపోర్టు ఏ రాకీదైనా కావచ్చు.

ధర ఎందుకంత అని అడిగితే మంచి బ్రీడర్ ఈ లెక్కలే చెబుతారు: ఎక్స్‌రేలు, డీఎన్‌ఏ, చూలు స్కానింగులు, అవసరమైతే సిజేరియన్, ఎనిమిది వారాల తిండి, టీకాలు, చిప్‌లు. లెక్క చెప్పలేని ధర ఎక్కువైనా తక్కువైనా ఒకటే.

ఇంటికి వెళ్లి చూడటం రెండుసార్లు చేశాను, పిల్లలు పుట్టకముందు ఒకసారి, ఐదో వారంలో ఒకసారి. మొదటిసారి ముఖ్యం, ఎందుకంటే పిల్లలు కళ్లముందు లేనప్పుడే బుద్ధి పనిచేస్తుంది. తల్లి కొత్తవాళ్లను చూసి మొరిగినా రెండు నిమిషాల్లో దగ్గరకొచ్చి వాసన చూడాలి. యజమాని వెనక నక్కితే, తోక కాళ్ల మధ్యకు పోతే ఆలోచించాలి. ఒళ్లు, చెవులు, వేళ్ల సందులు వెతికి గోమార్లు ఉన్నాయేమో చూశాను. మన ఎండలకు గోమారు జ్వరాలు, ఎర్లీకియా, బబీసియా, కుక్కల్ని చంపేస్తాయి. మోచేతుల మీద పెద్ద పెద్ద కాయలు కాసి ఉంటే ఆ కుక్క రోజంతా గట్టి నేల మీద పడి ఉంటోందని అర్థం. ఇంకో లెక్క: ఇంట్లో ఈతకు పనికొచ్చే ఆడకుక్కలు ఎన్ని, రిటైరైన ముసలి కుక్కలు ఎన్ని? అన్నీ మూడు నుంచి ఆరేళ్లవే అయితే, ఏడేళ్లు దాటినవి ఏమయ్యాయని అడగండి. ఆ జవాబుతో మనిషి తెలిసిపోతాడు. నేను చూసిన ఇంట్లో పదేళ్ల ముసలిది సోఫా కింద నిద్రపోతోంది.

గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, చేతులు కడిగించి, "ఇవాళ ఇంకే కెన్నెల్‌కూ వెళ్లలేదు కదా?" అని అడిగితే సంతోషించండి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ చెప్పులతో, బట్టలతో వస్తుంది, నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఘాటుగా ఫినాయిల్ వాసన వస్తోంది కాబట్టి శుభ్రమనుకోవద్దు, ఫినాయిల్‌కు పార్వో లొంగదు. బ్లీచింగ్ ద్రావణం ఒక వంతుకు 30 వంతుల నీళ్లు కలిపి, మురికి ముందే కడిగేసిన నేల మీద పది నిమిషాలు ఉంచితే చస్తుంది.

ఐదో వారంలో పిల్లలు ఇంటి చప్పుళ్ల మధ్య పెరుగుతున్నాయో లేదో చూశాను. మిక్సీ శబ్దం, కుక్కర్ విజిల్, మనుషుల రాకపోకలు. మూడు వారాల నుంచి పన్నెండు, పధ్నాలుగు వారాల వరకు చూసినవన్నీ కుక్కకు జీవితాంతం మామూలు విషయాలుగా ఉండిపోతాయి. డాబా మీద రేకుల షెడ్డులో ఆ వారాలు గడిపిన పిల్ల దీపావళికి ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పిల్లను ఎంచుకునే పని నాకు వదల్లేదు, అది మంచిదే. 50 రోజులు రోజూ చూసినవారికి ఏది దూకుడో, ఏది నిదానమో తెలుసు. మా ఇంట్లో పెద్దవాళ్లున్నారు కాబట్టి నిదానమైనదే ఇచ్చారు.

సంతలో ఎద్దును కొనే రైతు పళ్లు చూస్తాడు, నడిపిస్తాడు. తీసుకునే రోజు మనమూ అదే చేయాలి. కుక్కకు పాలపళ్లు 28. ముందు పళ్లు, కోరలు మూడు నుంచి ఐదు వారాల్లో వస్తాయి, దవడ పళ్లు ఆ తర్వాత. ఎనిమిది వారాలకు సాధారణంగా అన్నీ ఉంటాయి. దవడ పళ్లు ఇంకా రాకపోతే "60 రోజులు" అన్న మాటను అనుమానించాలి. తర్వాత బొడ్డు దగ్గర ఉబ్బు, మగపిల్లకు వృషణాలు రెండూ దిగాయో లేదో, గట్టి నేల మీద నడక, వెనక నుంచి చప్పట్లు కొడితే తిరగడం. పొట్ట కుండలా ఉబ్బి పక్కటెముకలు కనపడితే నులిపురుగులు. రెండో వారం నుంచి రెండు వారాలకోసారి నులిపురుగుల మందు వేసిన తేదీలు పుస్తకంలో ఉండాలి. టీకా పేజీలో సీసా మీది స్టిక్కర్, బ్యాచ్ నంబరు, తేదీ, డాక్టరు సంతకంతో పాటు రిజిస్ట్రేషన్ నంబరు చూడాలి. ఒట్టి పెన్ను రాతకు విలువ లేదు. ఆరు వారాలకు వేసిన ఒక్క సూదితో "టీకాలు అయిపోయాయి" అనేవాళ్లున్నారు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు (రోగాన్ని ఎదిరించే ప్రొటీన్లు) ఆ తొలి టీకాను చాలాసార్లు పనిచేయనివ్వవు. అందుకే మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ 16 వారాలు దాటేదాకా పోవాలి. రేబిస్ మూడు నెలలకు.

డబ్బు చివర్లో ఇచ్చాను, కాగితం మీద సంతకాలయ్యాక. అందులో నాలుగు మాటలు ఉన్నాయి. 48 గంటల్లో నా డాక్టరుకు చూపిస్తాను, అంటురోగమో పుట్టుకతో వచ్చిన గుండె చప్పుడు తేడానో దొరికితే డబ్బు వాపసు. రెండేళ్లలోపు తీవ్రమైన హిప్ డిస్‌ప్లేసియా ఎక్స్‌రేలో తేలితే ఏం చేస్తారన్నది స్పష్టంగా. ఈ కుక్కతో పిల్లలు వేయించను, ఎదుగుదల పూర్తయ్యాక ఆపరేషన్ చేయిస్తాను. నాలుగోది వారు రాసింది: ఎప్పుడైనా, ఏ కారణంగానైనా కుక్కను ఉంచుకోలేకపోతే ముందు తమకే తిరిగి ఇవ్వాలి. నగరంలోని షెల్టర్లకు చేరుతున్న లాబ్‌లు, హస్కీల వెనక ఈ ఒక్క వాక్యం రాయని అమ్మకందారు ఉంటాడు. "జబ్బు చేస్తే పిల్లను తెచ్చివ్వండి, ఇంకోటి ఇస్తాం" అనే గ్యారంటీని గ్యారంటీ అనుకోకండి. పది రోజులు ఇంట్లో తిరిగిన పిల్లను ఎవరూ వెనక్కివ్వరని అమ్మేవాడికి బాగా తెలుసు.

పిల్లతో పాటు పది రోజులకు సరిపడా అదే తిండి, తల్లి పడుకున్న పాత దుప్పటి ముక్క ఇచ్చారు. తిండి ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. కొత్తది మొదట నాలుగో వంతు కలిపి, వారంపాటు పెంచుకుంటూ పోవాలి. పార్వో లోపల ఉంటే మూడు నుంచి ఏడు రోజుల్లో సాధారణంగా బయటపడుతుంది. వాంతి, రక్తపు విరేచనం, తిండి ముట్టకపోవడం కనపడితే తెల్లారేదాకా ఆగకూడదు. మూడో రోజున బ్రీడరే ఫోన్ చేసి విరేచనం రంగు అడిగారు. 16 వారాల టీకా అయ్యేవరకు పార్కులో నేల మీద దించొద్దని, ఎత్తుకుని తిప్పమని చెప్పారు. రేబిస్ టీకా వేయించాక ఆ పుస్తకం నకలుతో జీహెచ్‌ఎంసీ పెంపుడు కుక్క లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను.